కుడికి తిరిగే రివాల్వరు

లారీల కంపెనీలో నగదు గది తలుపు ముందు స్టూలేసుకుని కూర్చునే కాపలా మనిషిని అందరూ టిక్కు మామ అంటారు. ఆ పేరు గిట్టనివాళ్లెవరో పెట్టింది కాదు, ఆయన నోరే తెచ్చిపెట్టింది. కాపలా పనిలో చేరిన కొత్తలో ఒక పెద్దాయన నేర్పిన పద్ధతిని ఆయన ఇన్నేళ్లూ తప్పలేదు. రివాల్వరులో ఆరు తూటాలు పట్టే ఆరు గదులుంటాయి. మామ అయిదే నింపుతాడు. ట్రిగ్గరు మొదటిసారి నొక్కినప్పుడు తూటాను కొట్టే సుత్తి కిందికి వచ్చే గదిని ఖాళీగా ఉంచుతాడు. కోపంలోనో కంగారులోనో వేలు తొందరపడితే టిక్కుమని చప్పుడు వస్తుందే తప్ప తూటా రాదు. ఎదుటివాడికి పారిపోవడానికి, తనకు ఆలోచించుకోవడానికి ఒక్క క్షణం చిక్కుతుంది. పామూ చావదు, కర్రా విరగదు.

ఆ టిక్కుతో ఇద్దరి ప్రాణాలు నిలబెట్టానని ఆయన గర్వం. ఒకడు తాగి కత్తి పట్టుకుని లారీల మధ్య వీరంగం వేసిన క్లీనరు. రెండోవాడు పట్టపగలు నగదు గది కిటికీ ఊచలు వంచుతూ దొరికిపోయిన దొంగ. ఇద్దరి మీదికీ గురిపెట్టి నొక్కాడు. ఇద్దరూ ఆ చప్పుడు విని కాళ్లకు బుద్ధి చెప్పారు. ఈ రెండు కథలూ డ్రైవర్లకు చెప్పాడు, క్లీనర్లకు చెప్పాడు, జీతాలిచ్చే గుమాస్తాకు చెప్పాడు, వినే చెవి కనిపించిన ప్రతిచోటా చెప్పాడు. నా తుపాకీలో మొదటిది ఖాళీ అని తనంతట తానే టముకు వేసుకున్న కాపలావాడు ఇంకొకడు ఉంటాడని నేననుకోను. ఆయన భార్య కూడా ఆ మాటే అనేది. దొంగలకు కూడా తలా ఒక చీటీ రాసి పంపండి, పాపం తెలియనివాళ్లు మిగిలిపోతారేమో అని.

అప్పట్లో ఆయన నడుముకు వేలాడింది కంపెనీవాళ్ల రివాల్వరు. పైవాళ్లకు ఏం తోచిందో, ఇకమీదట ఆయుధాల పూచీ తమకొద్దన్నారు. సొంత ఆయుధమూ, దానికి సొంత పేరున అనుమతీ ఉన్నవాళ్లనే కాపలాలో ఉంచుతామన్నారు. పదవీ విరమణ ఇంకా మూడేళ్లుండగా నెత్తిన పడ్డ పిడుగు ఇది. కొత్తది కొనే స్తోమత లేదు. ఉద్యోగం మానితే ఇంకెవరూ ఆ వయసువాడికి స్టూలు వేసి కూర్చోబెట్టరు. మామతోపాటు వంతులేసుకుని కాపలా కాసే ఇంకొకాయన, ఈ గోలంతా నాకెందుకని మానేసి తమ్ముడి దుకాణంలో తూకం వేసుకుంటూ బతకడానికి పోయాడు. మామకు తమ్ముళ్లు లేరు. ఉన్నది ఒక చెల్లెలు, ఆమెకు ఒక కొడుకు.

అనుమతి కాగితం ఎలాగో తెచ్చుకుని, పాత రివాల్వరు ఒకటి ఉందని తెలిసి తుపాకుల మేస్త్రి దగ్గరికి వెళ్లాడు. మేస్త్రిది ఇరుకు కొట్టు. ఒక బల్ల, ఇనుమును కదలకుండా పట్టేందుకు బల్లకు బిగించిన వైసు, నూనె గుడ్డలు, గోడకు వరసగా ఆకురాళ్లు. ఆయన గుడ్డ మూట విప్పి, దాన్ని బల్లమీద పెట్టాడు. చూడ్డానికి అందమైనదేం కాదు. గొట్టం చివర నల్లరంగు పోయి తెల్లటి ఇనుము బయటపడింది. ఒరలో పెట్టి తీసి పెట్టి తీసి అరిగిన గుర్తది. చెక్క పిడి ఎవరిదో అరచెయ్యి రాసుకుని రాసుకుని నున్నబడింది. జైలు అధికారి ఒకాయన ఉద్యోగమంతా నడుముకు పెట్టుకు తిరిగాడట, చనిపోయాక ఇంట్లోవాళ్లు తెచ్చి ఇచ్చారట. మోసిందే గాని పేల్చింది లేదు, పైనంతా ముసలిది, లోపలంతా పడుచుది అన్నాడు మేస్త్రి.

మామకు అమ్మకం మాటలు నచ్చవు. తన చేతులతో తనే చూసుకున్నాడు. గదులుండే సిలిండరు పక్కకు తీసి ఒక్కో గదినీ వెలుతురుకు పెట్టి చూశాడు. గోడలు అద్దంలా ఉన్నాయి. రెండు చేతులతో మెల్లగా మూశాడు. అది చూసి మేస్త్రి మొహం విప్పారింది. చెయ్యి విదిల్చి ఫట్టున మూసేవాళ్లకు ఆయన అసలు తుపాకీ అమ్మడట, అలా మూస్తే సిలిండరును మోసే చెయ్యి వంగిపోతుంది. ట్రిగ్గరు నొక్కి పట్టి, సిలిండరును వేళ్లతో అటూ ఇటూ కదిలించి చూశాడు మామ. చలించలేదు. చక్కగా బిగించిన తలుపులా ఉంది.

ఇక నొక్కుడు సంగతి. సుత్తిని బొటనవేలితో వెనక్కి లాగనక్కర్లేని రకమది. ఒక్క ట్రిగ్గరే అన్ని పనులూ చేస్తుంది. నొక్కుతూ ఉంటే సిలిండరు ఒక గది మేర తిరుగుతుంది, సుత్తి లేస్తుంది, చివరికొచ్చాక పడుతుంది. దీని ట్రిగ్గరు పొడుగ్గా, బరువుగా, నిండు బిందెను బావిలోంచి చేదినట్టు ఉంది. కొంచెం వదులు చేయమంటావా, ముసలి వేళ్లకు తేలిగ్గా ఉంటుంది అని మేస్త్రి అడిగాడు. మామ వద్దన్నాడు. వదులు చేస్తే సుత్తి దెబ్బ బలహీనపడి తూటా పేలకపోవచ్చని ఆయనకు తెలుసు. పైగా ఆ బరువు ఆయనకు నచ్చింది. తొందరపడనివ్వదు, తనలాంటి ముసలివాడికి తగిన తోడు అనుకున్నాడు.

గుడ్డలో చుట్టి ఇస్తూ మేస్త్రి, "ఇదిగో, ఒక్కమాట. ఇది కుడికి తిరుగుతుంది. నీ కంపెనీది ఎడమకి. చూసుకో మరి" అన్నాడు.

"ముప్పై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నానండీ. ఆమాత్రం తెలీదా" అన్నాడు మామ.

తెలుసు. తెలియకపోవడం కాదు ఇక్కడ వచ్చిన చిక్కు. ఎడమకు తిరిగే తుపాకీలో తర్వాతి గది కుడిపక్క నుంచి పైకి వస్తుంది. కాబట్టి ఖాళీ గదిని పై గదికి కుడిపక్కన ఉంచి మూయాలి. మామ ముప్పై ఏళ్లూ చేసింది అదే. ఈ కొన్న రివాల్వరు ఊరందరిదీ ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అన్న రకం. కుడికి తిరుగుతుంది గనక తర్వాతి గది ఎడమపక్క నుంచి వస్తుంది. ఖాళీది ఎడమపక్కన ఉంచాలి. కుడిపక్కన ఉంచితే ఆ ఖాళీ గది అయిదో నొక్కుడికి గాని రాదు, మొదటి నొక్కుడికే తూటా పేలుతుంది.

మొదట్లో ఎంత జాగ్రత్తగా ఉన్నాడో చెప్పలేను. రోజూ పొద్దున గుమ్మం దగ్గర నిలబడి, ఎడమ, ఎడమ అని పైకే అనుకుంటూ నింపేవాడు. భార్య లోపల్నుంచి, మీకు నడక నేర్పించేవాళ్లు ఎవరైనా వచ్చారా అని ఎకసెక్కం చేసేది. సెలవురోజు కిటికీ పక్కన పాత పత్రిక పరుచుకుని, తూటాలన్నీ వేరే డబ్బాలో వేసి మూత పెట్టి, అప్పుడు తుపాకీ తుడిచేవాడు. గొట్టంలో నూనె గుడ్డ దూర్చి తీసి వెలుతురుకు చూసి మళ్లీ దూర్చేవాడు. అలా తుడుస్తున్నంతసేపూ ఆయన మొహంలో అలసట కనబడేది కాదు. నా కళ్లజోడు ఏనాడైనా ఇంత శ్రద్ధగా తుడిచారా అనేది భార్య. నీ కళ్లజోడుకు తుప్పు పట్టదుగా అనేవాడు.

ఎవరిదో సొమ్ము మోస్తూ బతికినవాడికి సొంత వస్తువు విలువ తెలుస్తుంది. ఇల్లు అద్దెది, యూనిఫారం కంపెనీది, కూర్చునే స్టూలు కూడా కంపెనీదే. ఈ ఇనుము ఒక్కటి తనది. అది కొత్తది కాకపోవడం కూడా ఆయనకు హాయిగానే ఉండేది. కొత్తదైతే దానికి తగ్గట్టు తను ఉండాలి. ఇది అరిగిన చోట అరిగి, పనిచేయాల్సిన చోట పనిచేస్తూ ఉంది, తనలాగే.

రెండో కాపలాదారు మానేశాక అతని స్థానంలో ఎవరినీ పెట్టలేదు. ఇవాళా రేపా అంటూ మేనేజరు రెండు వంతులూ మామ నెత్తినే రుద్దాడు. మూడు నెలలు గడిచేసరికి కాళ్లు వాచాయి. బూట్ల తాళ్లు కట్టడం మానేసి, ఊరికే లోపలికి దోపేవాడు. ఇంటికొచ్చి పడుకున్నాక కూడా చెవుల్లో లారీలు వెనక్కి వస్తున్న చప్పుడే. తినేటప్పుడు ముద్ద చేతిలో ఉండగానే కళ్లు మూతలు పడేవి. భార్య పళ్లెం తీసేసి, లేపి, మళ్లీ పెట్టేది. ఈ ఉద్యోగం మిమ్మల్ని తినేస్తోందండీ అని ఒకసారి అన్నది. ఆ తర్వాత అనడం కూడా మానేసింది, ఆమె కూడా అలిసిపోయింది.

అలాంటి ఒక పొద్దున గుమ్మం దగ్గర నిలబడి సిలిండరు తీశాడు. అయిదు తూటాలు వేశాడు. ఖాళీ గదిని కుడిపక్కన ఉంచి మూశాడు. ఎడమ అన్న మాట ఆ రోజు నోట్లోంచి రాలేదు. తలకు ఒక సంగతి నేర్పడం తేలిక, చేతికి నేర్పింది మరిపించడం కష్టం. తల నిద్రపోతుంటే చెయ్యి తనకు తెలిసిన పని తాను చేసుకుపోయింది. మర్నాడూ అంతే. ఆ పై రోజూ అంతే. అప్పట్నుంచి ఆ రివాల్వరులో మొదట వచ్చేది నిండు గది. ఆ సంగతి ఎవరికీ తెలియదు, ఆయనకు కూడా తెలియదు. టీ వేళ డ్రైవర్లు చుట్టూ చేరితే ఆయన టిక్కు కథలు మాత్రం ఎప్పటిలాగే చెప్పేవాడు.

ఇక మేనల్లుడి సంగతి. చెల్లెలి భర్త పోయేటప్పటికి పిల్లవాడు నడక నేర్చుకుంటున్నాడు. అందరూ చిన్నోడు అనే పిలుపే పెద్దయ్యాకా మిగిలిపోయింది. పెద్ద చదువు అబ్బలేదు గాని స్టీరింగు మాత్రం చెప్పినట్టు వింటుంది. మామే మేనేజరు కాళ్లావేళ్లా పడి కంపెనీలో డ్రైవరుగా పెట్టించాడు. ఆ రోజు చెల్లెలు, "నీ చేతుల్లో పెడుతున్నాను అన్నయ్యా" అంది. ఆ మాట ఆమె ఊరికే అనలేదు, ఆయన ఊరికే వినలేదు.

రెండేళ్లు బాగానే గడిచాయి. ఆ తర్వాత ఒకనాడు సరుకుతో వస్తున్న లారీ వంపులో అదుపు తప్పి వాగు గట్టు కిందికి ఒరిగింది. చిన్నోడికి ఏమీ కాలేదు, సరుకు మాత్రం నాశనమైంది. బ్రేకులు సరిగా పడడంలేదని వారం ముందే చెప్పానని చిన్నోడు. అలా ఎవరూ చెప్పలేదని మేనేజరు. ఉద్యోగం తీసేసి, నష్టం తేలేదాకా అంటూ వాడి డ్రైవింగ్ లైసెన్సు లాక్కుని సొరుగులో పడేశాడు. లైసెన్సు లేని డ్రైవరును ఇంకొకచోట ఎవరు రానిస్తారు? చిన్నోడు రోజూ వచ్చేవాడు, రోజూ రేపు రమ్మనేవారు.

మామ మేనేజరును రెండుమూడుసార్లు అడిగాడు. అడిగాడు అంటే, తలుపు దగ్గర నిలబడి, చెయ్యి నలుపుకుంటూ, కాస్త చూడండి సార్ అన్నాడు. చూద్దాంలే అన్నాడు మేనేజరు. గట్టిగా అడిగే ఓపిక ఆయనలో మిగల్లేదు. మేనల్లుడితో, కొన్నాళ్లు ఓర్చుకోరా అన్నాడు. ఓర్చుకోవడం నీకు అలవాటు మావయ్యా, నాకు కాదు అన్నాడు చిన్నోడు. ఆ మాట మామకు చురుక్కుమంది.

ఆ రోజు ఎండ మండిపోతోంది. మధ్యాహ్నం భోజనాల వేళ. ఆఫీసులో గుమాస్తాలంతా బయటికి వెళ్లారు. నగదు గది లోపల మేనేజరు ఒక్కడే ఉన్నాడు. మామ స్టూలు మీద కూర్చుని, ఒక బూటు విప్పి పాదం నొక్కుకుంటున్నాడు. ఇంతలో వరండాలో నేలమీద ఇనుము ఈడ్చుకొస్తున్న చప్పుడు. తలెత్తి చూస్తే చిన్నోడు. చేతిలో జాకీ రాడ్డు. టైరు మార్చేటప్పుడు వాడే బారెడు ఇనప కడ్డీ అది.

లోపల మేనేజరు కిటికీలోంచి చూసి గబాలున గడియ పెట్టుకున్నాడు. పెట్టుకుని, లోపల్నుంచి, ఏం చూస్తున్నావయ్యా, నీకు జీతం ఎందుకిస్తున్నాం అని అరిచాడు. చిన్నోడు ఆగలేదు. మొహం ఎర్రబడి ఉంది. ఏడ్చిన మొహమో, ఎండ మొహమో తెలియలేదు. పక్కకి తప్పుకో మావయ్యా, నీతో నాకు పనిలేదు అన్నాడు.

మామ లేచి నిలబడ్డాడు. ఒక కాలికి బూటు ఉంది, ఒక కాలికి లేదు. వాడిని పట్టుకుని ఆపాలంటే ఒంట్లో బలం కావాలి. మాటలతో ఆపాలంటే నోట్లో బలం కావాలి. రెండూ లేవు. తలుపు పగిలితే లోపలివాడి తల కూడా పగులుతుంది. అప్పుడు చెల్లెలి కొడుకు జైలుకు పోతాడు. అదొక్కటే మామకు స్పష్టంగా తెలుసు. ఒక్క టిక్కు చాలు. చప్పుడు వింటే వాడే బిత్తరపోయి ఆగిపోతాడు, ఆ తర్వాత ఇద్దరం ఎక్కడైనా కూర్చుని మాట్లాడుకోవచ్చు. ఆయన మనసులో ఉన్నది అంతే. ఒర గుండీ విప్పి, రివాల్వరు తీసి, మేనల్లుడి గుండెకు గురిపెట్టాడు.

"ఆగరా" అన్నాడు.

చిన్నోడు ఆగలేదు. రాడ్డు భుజం మీదికి ఎత్తుకుని ఒక అడుగు వేశాడు, ఇంకొక అడుగు వేశాడు. మామ నొక్కడం మొదలుపెట్టాడు.

ఎప్పటిలాగే నొక్కుడు బరువుగా ఉంది. వేలు వెనక్కి వస్తోంది, సుత్తి లేస్తోంది, సిలిండరు తిరుగుతోంది. సిలిండరుకూ వెనక ఇనుముకూ మధ్య సన్నటి సందులో తూటాల అడుగులు, ఇత్తడి అంచులు కనబడతాయి. ఎడమపక్క ఒక ఇత్తడి అంచు తళుక్కుమంటూ పైకి ఎక్కుతోంది. కుడిపక్క, ఏమీ లేని చీకటి సందు కిందికి దిగిపోతోంది. కుడికి తిరుగుతుంది, చూసుకో మరి.

మామ వేలు అక్కడే బిగుసుకుంది. ముందుకూ పోలేదు, వెనక్కీ రాలేదు. ట్రిగ్గరు స్ప్రింగు వేలిని ముందుకు నెడుతోంది, సుత్తి సగం లేచి ఉంది. పళ్లు బిగబట్టి, వెంట్రుకవాసి చొప్పున వేలిని వదిలాడు. సుత్తి దానితోపాటే మెల్లగా కిందికి దిగింది. తుపాకీ ఒరలో ఎలా పెట్టాడో తెలియదు. స్టూలు పక్కకు దొర్లింది, ఆయన తలుపుకు వీపు ఆనించి నేలమీద కూలబడ్డాడు.

రాడ్డు నేలమీద ఖంగున పడింది. చిన్నోడు ఒక్క ఉరుకున వచ్చి ఆయన్ని పట్టుకున్నాడు. మావయ్యా, మావయ్యా, ఏమైంది, గుండెలో నొప్పా అంటూ చొక్కా గుండీలు విప్పాడు. కూజా తెచ్చి మొహాన నీళ్లు చల్లాడు. గొడవ అంతా ఎక్కడికి పోయిందో, ఇప్పుడు వాడు అదే తలుపు బాది, ఒరేయ్ మేనేజరూ, బయటికి రా, మావయ్య పోయేలా ఉన్నాడు అని అరుస్తున్నాడు. మేనేజరు తలుపు వేలెడంత తెరిచి చూశాడు. కంపెనీ గుమ్మంలో ఒక ముసలివాడి చావు, దాని వెనక పోలీసులు, పైవాళ్ల ప్రశ్నలు, అన్నీ ఒక్కసారి కళ్లముందు కదిలినట్టున్నాయి. లోపలికి వెళ్లి లైసెన్సు తెచ్చి చిన్నోడి చేతిలో కుక్కాడు. ముందు ఈయన్ని ఇక్కణ్నుంచి తీసుకుపో, తర్వాత సంగతి తర్వాత అన్నాడు. ఇన్ని వారాలుగా వాడిని తిప్పించిన ఆ లైసెన్సును చిన్నోడు చూడను కూడా చూడకుండా జేబులో పెట్టుకున్నాడు.

వీధి చివర డాక్టరు దగ్గరికి నడిపించుకు వెళ్లాడు. దారంతా మామ కుడిచెయ్యి తన భుజం మీద వేసుకుని, ఆ చేతిని గట్టిగా పట్టుకుని నడిచాడు. ఒక కాలి బూటు ఆఫీసులోనే ఉండిపోయింది. రోడ్డు కాలుతోందని మామకు తెలుస్తోంది గాని, అది తనకు కాదన్నట్టుగా ఉంది.

డాక్టరు భోజనానికి వెళ్లాడు. నర్సు రక్తపోటు చూసి, ఎక్కువే ఉంది, ఆయన వచ్చేదాకా కదలకుండా కూర్చోండి అంది. ఇద్దరూ గోడవారగా బెంచీ మీద కూర్చున్నారు. ఎదురుగా ఒక తల్లి, ఒళ్లో నిద్రపోతున్న పిల్ల. చిన్నోడికి ఊపిరి తిరిగి, కాస్త నవ్వు కూడా తిరిగింది.

"ఎందుకంత భయపడ్డావ్ మావయ్యా? నిన్ను కొడతాననుకున్నావా? నీమీద చెయ్యెత్తుతానా నేను" అన్నాడు.

"తుపాకీ తీస్తే ఆగలేదేం?" అని అడిగాడు మామ.

"మొదటిది ఖాళీయేగా. కంపెనీలో తెలియనివాడెవడు?" చిన్నోడు గొంతు తగ్గించి, కొంచెం సిగ్గుపడుతూ చెప్పాడు. "టిక్కుమన్నాక ఆగుదామనుకున్నా. నువ్వు ఆపితేనే ఆగానని అనిపించాలిగా. ఆ మేనేజరు లోపల్నుంచి చూస్తున్నాడు. నీ పరువు పోకూడదని."

మామ కళ్లు మూసుకున్నాడు. తను వాడికోసం ఆ చప్పుడు చేయబోయాడు. వాడు తనకోసం ఆ చప్పుడు వినడానికి ఎదురొచ్చాడు. ఇద్దరూ ఒకరి మంచి ఒకరు కోరి, ఎంత దగ్గరికి వచ్చారో.

"ఖాళీ కాదురా" అన్నాడు.

"ఆఁ?"

"ఇది కుడికి తిరుగుతుంది. నేను పాతదానికి పెట్టినట్టు పెట్టాను. ముందొచ్చేది నిండుదే."

చిన్నోడు నవ్వబోయాడు. మామ మొహం చూసి ఆ నవ్వు మధ్యలో ఆగిపోయింది. వాడు యంత్రాల మధ్య పెరిగినవాడు, ఇంకోసారి చెప్పించుకోలేదు. చెయ్యి తనంతట తనే చొక్కా మీదికి, రెండో గుండీ దగ్గరికి వెళ్లింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"తెలీదు. రెండు డ్యూటీలు మొదలయ్యాక ఎప్పుడో."

"మరి ఎలా ఆపావ్?"

"కనబడింది. నొక్కుడు బరువు కదా, మెల్లగా తిరుగుతుంది. మేస్త్రి వదులు చేస్తానన్నాడు" అని ఆగిపోయాడు.

ఎదుటి పిల్ల నిద్రలో కదిలింది, తల్లి జోకొట్టింది. మామ తన చూపుడువేలి వంక చూసుకున్నాడు. ఆ వేలు ఇవాళ ఆగింది. మరి ఆ రెండుసార్లు? క్లీనరు మీదికి నొక్కినప్పుడు ఆగలేదు. దొంగ మీదికి నొక్కినప్పుడు ఆగలేదు. చివరికంటా నొక్కాడు. ఆలోచించుకోవడానికి దొరికిన క్షణంలో ఏం ఆలోచించాడు? ఏమీ లేదు, వాళ్లు పరుగెడుతుంటే నవ్వుకున్నాడు. ఇన్నేళ్లుగా ఇద్దర్ని ప్రాణాలతో వదిలానని చెప్పుకున్నాడు. వదల్లేదు. ఇద్దర్నీ కాల్చాడు. గది ఖాళీగా ఉంది, అంతే తేడా. ఇంట్లో వాళ్లకు, డ్రైవర్లకు, క్లీనర్లకు తను ఇన్నిసార్లు చెప్పిన కథ, తను మంచివాడన్న కథ కాదు. ఖాళీ గది చాటున తను ఏ మనిషి మీదికైనా సునాయాసంగా నొక్కేయగలడన్న కథ. అలా నొక్కీ నొక్కీ చివరికి చెల్లెలి కొడుకు గుండెకు గురిపెట్టాడు. ఆయనకు ఏడుపు రాలేదు. చాలా అలసటగా అనిపించింది, ఈ రెండు వంతుల అలసట కాదు, అంతకుముందుది.

"అమ్మకి చెప్పకు" అన్నాడు చిన్నోడు. "తట్టుకోలేదు."

"చెప్తాను" అన్నాడు మామ. "నా చేతుల్లో పెట్టింది నిన్ను. నేనే చెప్పాలి."

చిన్నోడు నేల వంక చూస్తూ కూర్చున్నాడు. డాక్టరు వచ్చినట్టున్నాడు, నర్సు తలుపు తీసి లోపలికి రమ్మంది. లేవడానికి మామ చెయ్యి చాచాడు, దారంతా వాడు పట్టుకుని నడిపించిన కుడిచెయ్యే. చిన్నోడు లేచి నిలబడి ఆ చేతిని చూశాడు. తర్వాత ముందునుంచి దాటి అవతలివైపుకు వచ్చి, ఆయన ఎడమచెయ్యి పట్టుకుని లేపాడు.